శనివారం సంతకాలు

పోయిన వారం ఈలక్కను వాళ్ళ అపార్ట్‌మెంటు మెట్ల మీద, చంకలో కొత్త కర్టెన్ల పొట్లంతో, ఎదురుగా దారికి అడ్డం నిలబడ్డ మరిదితో వదిలేసి మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. పొట్లం బరువెక్కుతోంది, మరిది మాత్రం అంగుళం జరగడం లేదు.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. ఈలక్క చెవి మిషన్లు చేసే కంపెనీలో పరీక్షల గదికి పెద్ద. మిషన్ చెవిలో పెట్టుకుని, దాని మీద అరచెయ్యి మూసి, ఫోను ఆనించి, దిండు మీద తల వాల్చి, అది 'కుయ్' మంటుందేమోనని వినడం ఆవిడ పని. మిషన్ ఈల వేసిందా, ఇక అది గుమ్మం దాటదు. తొమ్మిదేళ్ళుగా ఈలలు పట్టీ పట్టీ అసలు పేరు పోయి ఆ పేరే ఖాయమైంది. ఆ ఈల పుట్టకముందే దాన్ని పసిగట్టి నొక్కేసే ఉపాయం కనిపెట్టినాయన మాస్టారు. ఒకప్పుడు ఫిజిక్స్ పాఠాలు చెప్పుకునేవాడు, తర్వాత ఈ కంపెనీ పెట్టాడు. నెల కిందట ఓ పెద్ద కంపెనీ కోర్టుకెక్కి, ఆ ఉపాయం తమదనీ, పేటెంటు తమ పేరు మీదుందనీ, మాస్టారి మిషన్ల అమ్మకం ఆపించమనీ దావా వేసింది.

ఆ రోజే కంపెనీ షేరు మూడో వంతు పడిపోయింది. మిషన్లు అవే, చేసే చేతులు అవే, నిన్నటిదాకా విన్న చెవులన్నీ ఆ రోజూ శుభ్రంగా వింటూనే ఉన్నాయి. అయినా పడింది. దావా కాగితాలు చదివి అమ్మినవాళ్ళు ఎంతమందో గానీ, పక్కవాడు అమ్ముతున్నాడని అమ్మినవాళ్ళే ఎక్కువ. తర్వాత మాస్టారు క్యాంటీన్‌లో నవ్వుతున్న ఫోటో ఎవరో పెడితే కాస్త లేచింది. పంటి నొప్పితో దవడ పట్టుకున్న ఫోటో పెడితే మళ్ళీ కూలబడింది. ఆయన పన్నుకు అంత విలువ ఉందని ఆయనకే తెలియదు.

ఈలక్క ఉండే అపార్ట్‌మెంటు కూడా ఓ చిన్న మార్కెట్టే. ఆవిడ మీద నమ్మకంతో పద్దెనిమిది ఫ్లాట్లలో పదకొండు ఫ్లాట్లవాళ్ళు ఆ షేర్లు కొన్నారు. కేసు గురించి ఒక్క ముక్క కూడా ఎవరితోనూ అనొద్దని మాస్టారి తరఫు లాయరమ్మ ఆవిడ నోటికి తాళం వేసినప్పటి నుంచీ, వాళ్ళంతా ఆవిడ మొహం చదవడం మొదలుపెట్టారు. ఈలక్క కూనిరాగం తీస్తే కొనుక్కుంటున్నారు, తలనొప్పని పెందలాడే ఇంటికొస్తే అమ్ముకుంటున్నారు. ఇదిగో, ఇప్పుడు కర్టెన్లు.

"కర్టెన్లు కొన్నావంటే మనం గెలుస్తున్నట్టే కదా వదినా?" అన్నాడు మరిది, కళ్ళు పొట్లం మీద, బొటనవేలు ఫోను మీద.

"పాతవి చిరిగాయి నాయనా, అందుకు కొన్నాను."

"చిరిగి ఏడాదయింది. ఇన్నాళ్ళూ కొనకుండా ఇవాళే ఎందుకు కొన్నావు?"

"నా మొహం చూసి కొనకు, నా కర్టెన్లు చూసి అసలే కొనకు. జరుగు, చెయ్యి లాగేస్తోంది."

"సరే, నువ్వేం చెప్పలేదు, నేనేం వినలేదు," అని మరిది కన్నుకొట్టి చల్లగా జారుకున్నాడు. సాయంత్రానికి రెండో అంతస్తు కళ్ళద్దాల షాపాయన ఇంకొన్ని షేర్లు కొన్నాడు. మూడో అంతస్తు ట్యూషన్ టీచరు మాత్రం, ఉద్యోగం పోయేలోపు ఇల్లు సర్దుకుంటోంది కాబోలనుకుని ఉన్నవన్నీ అమ్మేసింది. కర్టెన్లు అవే, ఇద్దరికీ రెండు రకాలుగా కనిపించాయి.

నిచ్చెనెక్కి ఆ కర్టెన్లు తగిలిస్తూ ఈలక్క మొగుడు తెగ నవ్వాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఎత్తులన్నా పల్లాలన్నా ఆయనకు బెదురు లేదు. "ఈసారి నువ్వు చీపురు కొనే ముందు నాకు చెప్పవోయ్, మన అపార్ట్‌మెంటు మొత్తం ఖాళీ అయిపోతుందేమో," అన్నాడు. ఈలక్క కూడా నవ్వింది. కిటికీ నిండా లేత పచ్చ రంగు, గదంతా చల్లగా కనిపించింది. నిజం చెప్పాలంటే ఆవిడ ఆ సాయంత్రం సంతోషంగానే ఉంది. తమ ఉపాయం తమదేనని ఆవిడకు తెలుసు, ఆ సంగతి రాసిపెట్టిన నోటుబుక్కు ఉంది, కింద తన సంతకం ఉంది. ఇంకేం కావాలి?

సోమవారం మధ్యాహ్నం లాయరమ్మ ఆ నోటుబుక్కునే మాస్టారి బల్ల మీద పరిచి కూర్చుంది. చిన్నది, ముప్పై దాటలేదు గానీ, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి చూసిందంటే మాస్టారంతటివాడు కూడా కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. మర్నాడు ఈలక్క వాంగ్మూలం. కోర్టులో కాదు, ఓ గదిలో. రెండు వైపుల లాయర్లూ ఉంటారు, ఒకావిడ ప్రతి మాటా టైపు చేస్తుంది, చెప్పేదంతా ప్రమాణం చేసి చెప్పినట్టే లెక్క.

"మన బలమంతా ఈ పేజీయే," అంది లాయరమ్మ. "నాలుగేళ్ళ కిందట, మార్చి పదకొండు, బుధవారం. వాళ్ళు పేటెంటుకు అర్జీ పెట్టింది ఆ తర్వాత రెండు నెలలకు. అంటే మాస్టారు ముందే కనిపెట్టినట్టు. రాసింది మాస్టారు, 'చదివాను, అర్థమైంది' అని అదే తేదీతో సాక్షి సంతకం మీది. ఇంతవరకూ బాగానే ఉంది." ఆవిడ ఫైల్లోంచి ఇంకో కాగితం తీసింది. "ఇది ఆ నెల హాజరు పట్టీ. మార్చి పదకొండున మీ పేరు ఎదురుగా సెలవు అని ఉంది. మరి సంతకం ఎలా పెట్టారు?"

ఈలక్క ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. మాస్టారు కిటికీ వైపు చూశాడు.

సంగతేమిటంటే, అలాంటి నోటుబుక్కుల్లో ఏ రోజు పేజీ కింద ఆ రోజే సాక్షి సంతకం పడాలి. కానీ మాస్టారికి బుక్కు ఎక్కడ పెట్టాడో గుర్తుండదు. ఓసారి కుర్చీ కింద, ఓసారి కారు డిక్కీలో, ఓసారి ఏకంగా చెప్పుల స్టాండులో దొరికింది. రోజూ వెతకలేక ఈలక్కే ఓ పద్ధతి పెట్టింది. శనివారం మధ్యాహ్నం టీ తాగుతూ ఆ వారం పేజీలన్నీ వరసగా చదవడం, అర్థం కానిది అడగడం, ఒక్కో పేజీ కింద ఆ పేజీ తేదీయే వేసి సంతకం గీకడం. వరస చెడకుండా అందంగా ఉంటుందని ఆవిడ ఉద్దేశం. ఆ గంటంటే ఇద్దరికీ ఎంతో ఇష్టం. అది తప్పన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

విని లాయరమ్మ తల పట్టుకుంది. "ఎన్ని పేజీలు అలా?"

"అన్నీ," అంది ఈలక్క సన్నగా.

"అన్నీనా! ఒక్క తేదీ అబద్ధమని తేలితే, ఇక ఈ పుస్తకంలో దేన్నీ నమ్మక్కర్లేదంటారు వాళ్ళు. పుస్తకం పోతే కేసు పోతుంది. కేసు పోతే మిషన్లు ఆపేయాలి. ఇక్కడ అరవై మంది పనిచేస్తున్నారు. షేరు సంగతి నేను చెప్పక్కర్లేదు."

"అబద్ధం కాదమ్మా," అన్నాడు మాస్టారు నొచ్చుకుని. "పని నిజం. పదో తేదీ సాయంత్రం ఈల మొదటిసారి ఆగింది, ఈ అమ్మాయే విని ఎగిరి గంతేసింది. మర్నాడు నేను శుభ్రంగా రాశాను. ఆ రోజు తనకు జ్వరం, సెలవు పెట్టింది. నాకు బాగా గుర్తు, పళ్ళు కూడా పంపించాను."

నిజానికి ఆ రోజు ఈలక్కకు జ్వరం లేదు, గిరం లేదు. ఆ సంగతి ఆవిడ మొగుడికి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకు తెలిసింది. అప్పట్లో కంపెనీ అంటే టైర్ల షాపు పైన రెండు గదులు. జీతం ఏ నెలలో వస్తుందో, ఏ నెలలో రాదో తెలియదు. మొగుడు చెయ్యి విరిగి కట్టుతో ఇంట్లో కూర్చున్నాడు. అందుకని ఆవిడ ఆ పదకొండో తేదీన, ఇదిగో ఇప్పుడు దావా వేసిన ఈ పెద్ద కంపెనీకే, ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వెళ్ళింది. ముందు రోజు ఈల ఆగిన సంతోషం ఒంట్లోంచి ఇంకా దిగలేదేమో, అక్కడ గంటసేపు వాగింది. ఉద్యోగం ఇస్తామన్నారు కూడా. కానీ వాళ్ళ పరీక్షల గది చూపించమంటే కంప్యూటర్లు చూపించారు, మిషన్ చెవిలో పెట్టుకుని వినే మనిషి ఒక్కరూ లేరు. ఆవిడకు ఆ చోటు నచ్చలేదు. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో మాస్టారు పంపిన పళ్ళ బుట్ట ఉంది. ఇక ఎక్కడికీ వెళ్ళలేకపోయింది.

ఆ సంగతి అప్పుడే చెప్పేయాల్సింది. చెప్పలేదు, ఇప్పుడూ దాచేసింది. లాయరమ్మ ఫైలు కట్టేస్తూ, "అబద్ధం చెప్పమని నేను చెప్పను, చెప్పకూడదు. అడిగినదానికి నిజమే చెప్పండి. అడగనిదానికి మాత్రం జవాబివ్వకండి. హాజరు పట్టీ వాళ్ళు అడగలేదు. ఆ తేదీ సంగతి వాళ్ళకు తట్టకపోతే, మన అదృష్టం," అంది.

ఇంటికి వస్తుంటే మెట్ల దగ్గర ముగ్గురు ఈలక్క మొహం చూశారు, ముగ్గురూ ఫోన్లు తీశారు. ఆవిడకు ఒళ్ళు మండింది. ఆ కోపంలోనే మొగుడికి అంతా చెప్పేసింది. ఆయన సాంతం విని, "వాళ్ళు అడుగుతారా లేదా అన్నది లాయర్ల గొడవ," అన్నాడు. "నీ గొడవ ఆ పళ్ళ బుట్టది. ముందు మాస్టారికి చెప్పు, మిగతాది దానంతట అదే తేలిపోతుంది." ఎందుకో గానీ ఆ మాటకు ఆవిడకు ఆకలి వేసింది. కడుపునిండా తిని హాయిగా నిద్రపోయింది.

మంగళవారం ఉదయం ఎదుటివాళ్ళ లాయరు ఆఫీసు వరండాలో, నీళ్ళ మిషన్ పక్కన, మాస్టారు కాగితం గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. లాయరమ్మ లోపలికి వెళ్ళింది. ఇంతకన్నా మంచి సమయం దొరకదని ఈలక్క తెగించింది.

"మాస్టారూ, ఆ రోజు నాకు జ్వరం లేదు."

"ఏ రోజు?"

"మార్చి పదకొండు. నేను వీళ్ళ కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. మీకు అబద్ధం చెప్పాను."

మాస్టారు గ్లాసులో నీళ్ళు నింపాదిగా తాగాడు. గ్లాసు నలిపి బుట్టలో వేశాడు. గురి తప్పి కింద పడితే వంగి తీసి మళ్ళీ వేశాడు.

"తెలుసమ్మా," అన్నాడు.

"తెలుసా!"

"వాళ్ళే ఫోన్ చేశారు ఆ మధ్యాహ్నం. ఫలానా ఆవిడ మీ దగ్గర పనిచేస్తోందట, ఎలాంటి మనిషి అని అడిగారు. బంగారం, కళ్ళు మూసుకుని తీసుకోండి అన్నాను. మరేం చెప్పను? నీకు నేను జీతం సరిగ్గా ఇవ్వలేకపోతున్నాను, బాగుపడుతుంటే అడ్డం పడతానా? ఫోన్ పెట్టేశాక మాత్రం అన్నం సయించలేదు. ఏం చెయ్యాలో తోచక పళ్ళు పంపించాను."

ఈలక్క కళ్ళు నిండిపోయాయి. నాలుగేళ్ళు మోసిన బరువు అది, ఈయన నాలుగు మాటల్లో దించేశాడు. ఏడుస్తూనే నవ్వేసింది. "మరి నాతో ఒక్కసారైనా అనలేదేం మాస్టారూ?"

"శనివారం వచ్చి సంతకాలు పెట్టావుగా. ఇంకేం అనాలి?" ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "చూడమ్మా, లోపల వాళ్ళు తేదీ గురించి అడిగితే చెప్పు. అడక్కపోయినా చెప్పు. ఈల వేసే మిషన్‌ని, ఎవరికీ వినపడదులే అని నువ్వు ఒక్కనాడైనా బయటికి పోనిచ్చావా?"

"మరి కంపెనీ?"

"పోతే మళ్ళీ టైర్ల షాపు పైకి పోదాం. ఆ రెండు గదుల అద్దె ఇంకా పెరగలేదట, కనుక్కున్నాను."

గదిలో పొడుగాటి బల్ల, ఓ చివర టైపు చేసే ఆవిడ, అవతలి చివర మాస్టారు. ఎదుటివైపు లాయరు నెరిసిన జుట్టాయన, మహా మర్యాదస్థుడు, ప్రతి ప్రశ్నకు ముందు 'అమ్మా' అంటాడు. గంటన్నర అడిగాడు. ఎన్నేళ్ళుగా పని, ఏం చదివారు, మాస్టారు మీకు చుట్టమా, కంపెనీ షేర్లు మీకున్నాయా. ఆ పేజీ చూపించి, "ఈ సంతకం మీదేనా అమ్మా?" అన్నాడు. నాదే అంది. "చదివి అర్థం చేసుకునే పెట్టారా?" అర్థం చేసుకునే పెట్టానంది. ఆయన పేజీ తిప్పేశాడు. తేదీ ఊసే ఎత్తలేదు! బల్ల కింద లాయరమ్మ కాలు ఆనందంగా ఆడడం ఈలక్కకు తెలుస్తూనే ఉంది.

చివరగా ఆయన తమవాళ్ళ పేటెంటులోంచి బొమ్మ ఉన్న కాగితం తీసి ఆవిడ ముందుకు జరిపాడు. "ఇదమ్మా మా పద్ధతి. తీరిగ్గా చూడండి. మీ మాస్టారి పద్ధతీ, ఇదీ ఒకటేనంటారా, వేరంటారా?"

ఈలక్క చూసింది. చెవి బొమ్మ, దానిలో మిషన్, శబ్దం వెళ్ళే దారికి బాణాలు. రెండూ ఒకటేనని చెప్పబోయి ఆగిపోయింది. బొమ్మలో చెవి తమ్మె దగ్గర చిన్న నొక్కు ఉంది, వేలిగోరంత. మిషన్ పనికీ ఆ నొక్కుకీ ఏ సంబంధమూ లేదు. ఏ మనిషి చెవికీ అలా ఉండదు. కానీ టైర్ల షాపు పైన పరీక్షలకు వాడిన రబ్బరు చెవికి ఉండేది. ప్యాకింగు విప్పేటప్పుడు కత్తెర తగిలి తెగింది, కత్తెర పట్టుకుంది ఈలక్కే. ఎన్నో వందల సార్లు ఆ చెవిని పట్టుకున్న చెయ్యి, చెవి అంటే నొక్కుతోనే గీస్తుంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకు. ఆ ఇంటర్వ్యూ గదిలో గోడకు తెల్లబోర్డు ఉంది, చేతికి నీలం పెన్ను ఇచ్చారు. ఈల సమస్య గురించి మీరేమనుకుంటున్నారు అని అడిగారు. ముందు రోజు సంతోషమంతా పొంగి, మా మాస్టారు ఎంత తెలివైనవారో చూడండి అన్నట్టు, ఆవిడ బోర్డు నిండా గీసేసింది. ఎవరో దాన్ని నొక్కుతో సహా దించుకున్నారు. ఉపాయం మాస్టారిదేనన్న రుజువు కళ్ళెదుటే ఉంది. దాన్ని పరాయివాళ్ళ చేతిలో పెట్టింది తనేనన్న రుజువు కూడా అదే.

"ఒకటేనండీ," అంది నెమ్మదిగా.

"సంతోషం. ఇక మీరు వేరే చెప్పదలచుకున్నదేమైనా ఉందా అమ్మా?" అన్నాడాయన. అందరినీ అడిగే ప్రశ్నే అది. ఆయన అప్పటికే పెన్నుకు మూత పెట్టేస్తున్నాడు. బల్ల కింద లాయరమ్మ కాలు ఆగింది.

"ఉందండీ. ఆ పేజీ మీద సంతకం నాదే గానీ, ఆ తేదీన నేను ఆఫీసులో లేను. శనివారం పెట్టాను. ఏ వారం పేజీలైనా శనివారమే పెట్టేదాన్ని. ఆ అలవాటు చేసింది నేను, మాస్టారు కాదు."

లాయరమ్మ కళ్ళు మూసుకుంది. నెరిసిన జుట్టాయన పెన్ను మూత మళ్ళీ తీశాడు, మొహం వెలిగిపోతోంది. "ఎంత నిజాయితీ అమ్మా మీది! మరి ఆ పదకొండో తేదీన తమరెక్కడున్నారు?"

"మీవాళ్ళ ఆఫీసులోనండీ. మూడో అంతస్తులో, ఇంటర్వ్యూ గదిలో. ఈ బొమ్మ అక్కడ బోర్డు మీద గీసింది నేనే. ఈ నొక్కు మా రబ్బరు చెవిది."

టైపు చప్పుడు ఆగిపోయింది. ఆయన మొహంలో వెలుగు ఎటు పోయిందో పోయింది. బల్ల అవతలి చివర కుర్చీ కిర్రుమంది. మాస్టారు లేచి నిలబడ్డాడు. ఇంటర్వ్యూ సంగతి ఆయనకు తెలుసు గానీ, ఇది తెలియదు.

"ఏమిటమ్మా నువ్వంటున్నది?" అన్నాడాయన. "మన ఉపాయం వాళ్ళకి చెప్పిందెవరు?"

లాయరమ్మ వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. ఈలక్క ఆ చెయ్యి వైపు చూడలేదు, ఎదుటి లాయరు వైపూ చూడలేదు.

"నేనే మాస్టారూ," అంది.